పదమూడు, ఎనిమిది వేలు

పొద్దున ఆరున్నరకు పెన్‌పహాడ్‌లో సూర్యాపేట బస్సెక్కిన జమునా కుడి చంకలో రికార్డు బుక్కు ఉంది. ఎడమ చేతిలో కాళ్ళు కట్టిన పుంజు తలకిందులుగా వేలాడుతోంది. ఆ రోజుకు ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకల్లా దవాఖాన చేరాలి, పుంజును అటెండరు ముత్తయ్యకు అప్పజెప్పాలి, పదిన్నరకు పరీక్షకు కూర్చోవాలి, సాయంత్రం బస్సుకు పాసై తండాకు తిరిగి పోవాలి.

"పుంజుకు టికెట్ తీస్కో," అన్నాడు కండక్టరు.

"సీట్ల కూసుంటలేదు గదన్నా."

"కూసున్నా లేకున్నా పానమున్నది గద. లగేజి."

ప్రాణం ఉన్నందుకు ఆ పుంజు ఆ రోజు చెల్లించబోయే వాటిలో అది మొదటిది, అన్నిటికన్నా తక్కువది.

ల్యాబు పరీక్షకు పుంజు ఎందుకని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. ఎవరూ అడగలేదు కాబట్టే ఇన్నేళ్ళు సాగింది. అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. మూసీ తీర ఆరోగ్య సంఘం అనే సంస్థకు సూర్యాపేటలో ఒక దవాఖాన, కోదాడలోనూ మిర్యాలగూడలోనూ రెండు చిన్న బ్రాంచీలు ఉండేవి. మూడు చోట్లా కలిపి రక్తం, మూత్రం పరీక్షలు నేర్చుకునే ట్రైనీలు ఆరుగురు. వాళ్ళందరికీ గురువు సూర్యాపేట ల్యాబు ఇన్‌చార్జి గోపయ్య. హైదరాబాదు నుంచి పరీక్షాధికారి వచ్చినప్పుడల్లా మధ్యాహ్నం నాటుకోడి కూరతో భోజనం పెట్టించేవాడు ఆయనే. ఎవరు ఏమి తేవాలో కూడా ఆయనే పంచేవాడు. బియ్యం మిర్యాలగూడ వాళ్ళు, పెరుగు కోదాడ వాళ్ళు, కోడి తండా పిల్ల. తండాలో కోళ్ళు గాలి తిని పెరుగుతాయని గోపయ్య నమ్మకం.

నిజానికి వానాకాలం తెగులొచ్చి జమునా పెద్దమ్మ రంగి కోళ్ళు పదకొండు చచ్చాయి. మిగిలింది ఈ పుంజొక్కటే. అప్పుడు రంగి పోరు పెట్టింది. "దవాఖానల నేర్సుకుంటున్నవ్ గద, దీనికేం రోగమో సూడు!" జమునా దాని రెక్క కింద సూదితో గుచ్చి, ఒక చుక్కను గాజుపలక మీద పూసి, దవాఖానకు తెచ్చి మైక్రోస్కోపు కింద చూసింది. రోగమేమిటో తెలియలేదు. కానీ అందులో చూసింది ఆమె మరచిపోలేదు. సంగతి తెలిసి గోపయ్య వారం రోజులు నవ్వాడు.

"కోడికి చిట్టీ రాసినవా జమునా? తండ్రి పేరేమని పెట్టినవ్?"

ఆ ఏడాది పరీక్ష పద్ధతి మారింది. అంతకుముందు మూడు గంటలు కూర్చుని గోపయ్య నోట్సు బట్టీపట్టి రాస్తే చాలు, పాసు. ఇప్పుడు హైదరాబాదు నుంచి కొత్త సర్క్యులరు వచ్చింది. రాత పరీక్ష తీసేశారు. ఇక అందరికీ ఒకే మనిషి రక్తం పంచాలి. రక్తం శాతం ఎంతో చూడాలి, తెల్ల కణాలు లెక్కపెట్టాలి, స్లైడు పూసి రంగువేసి చూడాలి. సరైన లెక్కను సెంటరులో ఉన్న సీనియర్ టెక్నీషియన్ ముందే చూసి, కవర్లో పెట్టి సీలు వేయాలి. ఆ లెక్కకు దగ్గరగా రాసినవాడు పాసు, దూరంగా రాసినవాడు ఫెయిలు.

ఈ పద్ధతి పెట్టినవాళ్ళు మంచి బుద్ధితోనే పెట్టారు. వాళ్ళకు గోపయ్య తెలియదు, అంతే.

గోపయ్య పద్దెనిమిదేళ్ళ సర్వీసులో కనుక్కున్నది ఒక్కటే. రక్తం చూడక్కర్లేదు, మనిషిని చూస్తే చాలు. రక్తం శాతం ఆడవాళ్ళయితే పదిన్నర, మగవాళ్ళయితే పదమూడు. తెల్ల కణాలు ఎవరికైనా ఎనిమిది వేలు. డాక్టరుకు ఆ అంకెలు రాసిన చిట్టీయే పోతుంది, డాక్టరు దాని మీదే మందు రాస్తాడు. జమునా తల్లి జమ్లీకి రెండుసార్లు పదిన్నర రాశాడాయన. మిరప చేనులో మూడు సాళ్ళు నడిస్తే కూలబడే మనిషికి పదిన్నర! ట్రైనింగులో చేరిన రెండో నెల జమునా తల్లి వేలు గుచ్చి, తానే చూసింది. అయిదు. డాక్టరు దేవదాసు ఆ చిట్టీ చూసి మందు మార్చాడు, జమ్లీ లేచి తిరిగింది. ఆ రోజు నుంచి జమునా కంటితో చూడని అంకె కాగితం మీద పెట్టలేదు. దాంతో ఆమె ఒక్క చిట్టీ రాసేలోగా గోపయ్య పది రాసేవాడు.

"నువ్వు లెక్కపెట్టుకుంట కూసుంటే లైను బస్టాండు దాకా పోతది," అనేవాడు.

ఆమెకు ఈ పాసు ఎంత అవసరమో గోపయ్యకూ తెలుసు. పెన్‌పహాడ్‌లో కొత్తగా పెట్టే సబ్ సెంటరుకు ఒక మైక్రోస్కోపు, ఒక పోస్టు వచ్చాయి. నెలాఖరులోగా పాసైన కాగితం చూపిస్తే పోస్టు జమునాది. చూపించకపోతే మేళ్లచెరువు క్వారీలో రాళ్ళ పని. తండ్రి ఫూల్‌సింగ్ అక్కడి మేస్త్రీతో మాట్లాడి ఉంచాడు.

"గాడ గూడ లెక్కనే బిడ్డా. తట్టలు లెక్కపెట్టాలె," అన్నాడు తండ్రి.

*

తొమ్మిదిన్నరకు పరీక్షాధికారి గౌరయ్య జీపు దిగాడు. సన్నగా, చేతిలో ఎర్ర పెన్నుతో ఉన్నాడు. రక్తం ఎవరు ఇస్తారని అడిగితే, డాక్టరు దేవదాసు చొక్కా చేయి మడిచాడు.

"నాదే తీసుకోండి. పిల్లలకు ఆ మాత్రం చెయ్యకపోతే ఎట్ల?"

గౌరయ్య స్వయంగా రక్తం తీసి, గడ్డకట్టకుండా ఆపే తెల్లపొడి వేసిన సీసాలో పోశాడు. వెంటనే గోపయ్య సీలు వేసిన కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇంత తొందరగా ఎలా చూశాడని గౌరయ్య అడగలేదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు అనుకున్నాడు.

సీసాను పరీక్ష గదికి చేర్చమని ముత్తయ్యకు ఇచ్చారు. గది నలభై అడుగుల దూరం. ఆ నలభై అడుగుల మధ్యలో డాక్టరు క్వార్టరు పెరడు ఉంది. పెరట్లోంచి వంటమనిషి కేక వేసింది.

"ముత్తయ్యా! గీ పుంజు నా చేతుల ఆగుతలేదు. జర కోసి పో!"

ముత్తయ్య సీసాను పిట్టగోడ మీద పెట్టి, పుంజు కాళ్ళ కట్టు విప్పాడు. పుంజు ఒక్క ఊపున ఎగిరి పిట్టగోడ మీద వాలింది. తర్వాత రెక్క విదిల్చింది. డాక్టరు దేవదాసు రక్తం బండల మీద పారి మట్టిలో ఇంకిపోయింది.

ముత్తయ్య అక్కడే కూలబడ్డాడు. ఆ ఏడాది సీసాలు పగలగొట్టినందుకు అతనికి రెండు మెమోలు వచ్చాయి. మూడోదానికి ఇంటికే. పోయి డాక్టరును మళ్ళీ చెయ్యి చాపమని అడిగే ధైర్యం అతనికి లేదు. అప్పుడు పుంజు వైపు చూశాడు. పుంజు కూడా అతని వైపు చూసింది.

ఎనిమిదేళ్ళుగా సీసాలు కడిగే మనిషి, ఏ సీసాలో ఏ పొడి వేస్తారో అతనికి తెలుసు. పొడి వేసిన ఇంకో సీసా తెచ్చాడు. కోసేటప్పుడు మెడ కింద పట్టాడు. సగం దాకా నిండింది. వెలుతురుకు ఎత్తి చూసుకున్నాడు. ఎర్రగానే ఉంది.

"నెత్తురు నెత్తురే గద," అని తనకు తాను సర్దిచెప్పుకుని, మూత బిగించి, పరీక్ష గదిలో పెట్టి, గుమ్మానికి దండం పెట్టి వచ్చాడు.

*

పరీక్ష గదిలోకి పోయేముందు గోపయ్య ఆరుగురినీ నీళ్ళ కుండ దగ్గర ఆపాడు.

"డాక్టరు సారు నెత్తురు. మగమనిషి. పదమూడు, ఎనిమిది వేలు. అందరు ఒక్కటే రాయకుండ్రి, అనుమానమొస్తది. ఒకడు పదమూడు, ఒకడు పదమూడు పాయింట్ ఒకటి. సమజైందా?"

"అయ్యిందండి," అన్నాడు కోదాడ నుంచి వచ్చిన శౌరయ్య.

"మరి స్లైడు, సార్?" అన్నాడు మిర్యాలగూడ సైదులు.

"నార్మల్ అని రాయి. స్లైడంటే అన్నీ నార్మలే."

గోపయ్య జమునా వైపు తిరిగాడు. "నీ తెలివి ఇయ్యాల పక్కకు పెట్టు. పోస్టు కావాల్నా వద్దా?"

"కావాలె సార్."

"అయితే రాయి."

ఆరుగురికీ మూడే మైక్రోస్కోపులు. ఐదుగురికి వాటి అవసరం పడలేదు కాబట్టి జమునాకు ఇబ్బంది కలగలేదు. ఐదుగురూ పావుగంటలో రాసేసి, మిగిలిన టైమంతా ఒక కన్ను మూసి చూస్తున్నట్టు వంగి కూర్చున్నారు. సైదులు మైక్రోస్కోపుకు లైటు కూడా వేయలేదు.

జమునా గాజు గొట్టంలో ఆసిడ్ పోసి రక్తం చుక్క కలిపింది. మామూలుగా అయితే టీ డికాషన్ లాగా తేటపడాలి, ఆ రంగును పక్కనున్న రంగుతో పోల్చి శాతం రాయాలి. అది తేటపడలేదు. జావ లాగా చిక్కబడింది. పారబోసి మళ్ళీ చేసింది. మళ్ళీ జావ. మూడోసారీ అంతే. గొట్టం వదిలేసి తెల్ల కణాలు లెక్కపెట్టడానికి కూర్చుంది. ఆ మందులో ఎర్ర కణాలు కరిగిపోవాలి, తెల్లవి గడికి పదో ఇరవయ్యో మిగలాలి. ఒక్క గడిలోనే వందలు కనిపించాయి. చీమల పుట్ట తవ్వినట్టుంది.

ఐదుగురూ పదమూడు రాశారని ఆమెకు తెలుసు. కవర్లో ఉన్నదీ తెలుసు. అది రాసి లేస్తే పోస్టు వస్తుంది. కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తల్లి చిట్టీ మీది పదిన్నర గుర్తొచ్చింది. డాక్టరు సారుకు నిజంగా ఏదన్నా ఉండి, తాను ఎనిమిది వేలని రాస్తే?

రాసింది. "రక్తం శాతం: మూడుసార్లు చేసినా తేలలేదు. తెల్ల కణాలు: రెండు లక్షల పైన, లెక్కకు అందలేదు."

స్లైడుకు రంగువేసి ఆరబెట్టింది. అది ఆరకముందే గంట కొట్టారు. గౌరయ్య కాగితాలు లాక్కున్నాడు.

*

డాక్టరు గదిలో గౌరయ్య కవరు చించాడు. పదమూడు, ఎనిమిది వేలు. మొదటి ఐదు కాగితాలు చూసి మురిసిపోయాడు. "శిక్షణంటే ఇట్లుండాలె గోపయ్యా!" అన్నాడు. ఆరోది చూసి ఎర్ర పెన్ను మూత తీశాడు. "రెండు లక్షలంట! ఈ పిల్ల ఫెయిల్."

"ఎంత?" అన్నాడు దేవదాసు, బల్ల అవతల నుంచి.

"పట్టించుకోకండి డాక్టర్ సాబ్. ఐదుగురు ఎనిమిది వేలన్నరు. గోపయ్య ఎనిమిది వేలన్నడు."

దేవదాసు కాగితం లాక్కుని చదివాడు. తెల్ల కణాలు రెండు లక్షలంటే ఏ డాక్టరుకైనా ముందు తట్టేది ఒకటే, రక్త క్యాన్సరు. ఆయన మెల్లగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"గోపయ్యా, నిజం చెప్పు. నా నెత్తురు చూసి రాసినవా?"

"సార్, మీ మొఖం సూస్తే తెల్వదా? గులాబి పువ్వు లెక్క ఉన్నరు."

ఆ మాటతో దేవదాసు మొహంలో ఉన్న కాస్త గులాబి కూడా పోయింది. పదిహేనేళ్ళుగా ఈ మనిషి అంకెల మీదే ఆయన ఊరందరికీ మందులు రాశాడు. ఒక్కరోజూ అనుమానం రాలేదు. ఇప్పుడు రక్తం తనది.

"నెల నుంచి ప్యాంటు వదులవుతోంది," అన్నాడు నీరసంగా. "మెట్లెక్కితే ఆయాసం. నాకెందుకు తోచలేదు? అన్నమ్మను పిలవండి."

ఆయన భార్య అన్నమ్మ పోపు గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. సంగతి విని కూలబడి ఏడ్చింది. గుమ్మం దగ్గర నిలబడ్డ ముత్తయ్య అంతకన్నా గట్టిగా ఏడ్చి, వచ్చి డాక్టరు కాళ్ళు పట్టుకున్నాడు.

"సారూ, తప్పయింది! నాదే తప్పు!"

"నీ తప్పేముంది ముత్తయ్యా," అన్నాడు దేవదాసు అతని తల నిమురుతూ. "అంతా ప్రభువు చిత్తం."

"కాదు సారూ, నేనే..."

"ఎంత ప్రేమో చూడు," అని అన్నమ్మ మళ్ళీ ఏడ్చింది. ముత్తయ్యను ఎవరో లేపి బయటికి తీసుకుపోయి మంచినీళ్ళు తాగించారు.

వరండాలో చిట్టీ పట్టుకుని పొద్దున్నుంచి కూర్చున్న పెంటమ్మ పక్కామెకు చెప్పింది. "డాక్టరుకు నెత్తురంత తెల్లగైందట." పక్కామె టీ కొట్టులో చెప్పింది. టీ కొట్టువాడు మర్యాదకు షట్టరు సగం దించాడు. షట్టరు సగం దిగిందని చూసిన పక్క దుకాణం వాళ్ళు మొత్తం దించారు. గుమాస్తా కోదాడకు ఫోను చేసి, "సారుకు బాగలేదు" అన్నాడు. లైను గరగరమంది. మాట సగమే పోయింది. అరగంటలో కోదాడ బ్రాంచి మూసేసి, స్టాఫంతా ఒక పూలదండతో జీపెక్కారు.

"హైదరాబాద్ పోదాం, జీపు తియ్యమను," అంది అన్నమ్మ.

"ముందు ఇంకోసారి చూపించుకోండి డాక్టర్ సాబ్," అన్నాడు గౌరయ్య. అంతసేపటికి ఆ గదిలో వినిపించిన మొదటి తెలివైన మాట అది.

గోపయ్య సూది అందుకున్నాడు. దేవదాసు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వు వద్దు."

"సార్! పద్దెనిమిదేండ్ల సర్వీసు..."

"అందుకే వద్దు. ఆ పిల్లను పిలువు. రెండు లక్షలు రాసిన పిల్లను."

"పాసుగాని పిల్ల సార్ అది!"

"గోపయ్యా, పాసైన చేతికి నా చెయ్యి ఇయ్యను."

*

జమునా వచ్చి రక్తం తీసింది. లెక్కకు ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలు దవాఖానలో దగ్గు కూడా వినిపించలేదు. వంటింట్లో మాత్రం కూర ఉడుకుతోంది. ఆపమని వంటమనిషికి ఎవరూ చెప్పలేదు.

"ఏడు వేల నాలుగు వందలు సార్. శాతం పద్నాలుగు. బాగున్నరు."

దేవదాసు కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. అన్నమ్మ జమునాను కావలించుకుని, వెంటనే మొగుడి మీద విరుచుకుపడింది.

"వదులైందా ప్యాంటు? కాదా మరి! పోయిన నెల కొత్తది కుట్టించినం, నడుం కొలత మా అన్నది ఇచ్చిన! ఆయాసమంట! రోజు నాలుగు గారెలు తింటే ఆయాసం రాదా?"

వరండా దాకా సంతోషం పోయింది. గోపయ్య ఒక్కడే ఆ సంతోషంలో తన వాటా వెతుక్కున్నాడు.

"నేను ముందే చెప్పిన. ఎనిమిది వేలకు దగ్గర్నే గద! ఈ పిల్ల తప్పు రాసి సారు పానం తీసింది."

గౌరయ్య తల ఊపాడు. ఆయన చెడ్డవాడు కాదు, రూలు మనిషి. "చూడమ్మా. పొద్దున రెండు లక్షలు. ఇప్పుడు ఏడు వేల నాలుగొందలు. రెండు గంటలల్ల మనిషి నెత్తురు అంత మారదు. పొద్దుటిది తప్పే. కవరుకు దూరంగ రాసినోళ్ళకు పాస్ లేదు."

ఎర్ర పెన్ను కాగితానికి తగిలింది. జమునా ఆ పెన్ను కొన వంక చూసింది. మేళ్లచెరువు తట్టలు కళ్ళ ముందు కదిలాయి.

"సార్, నా స్లైడు ఆరబెట్టి వచ్చిన. ఇంక సూడలే. మూడో టెస్టు ఉన్నది గద. ఒక్క నిమిషం సార్."

"టైమైపోయింది," అన్నాడు గోపయ్య.

"చూడనీ," అన్నాడు దేవదాసు. "నా నెత్తి మీద రెండు లక్షలు పెట్టింది. అవి ఏడికెల్లి వచ్చినయో నాకూ తెలవాలె."

అందరూ ఆమె వెనకాలే పరీక్ష గదికి వచ్చారు. జమునా స్లైడు పెట్టి, లైటు వేసి, వంగింది. అప్పటిదాకా ఏడుపు ఆపుకున్న పిల్ల భుజాలు ఊగడం చూసి, ఏడుస్తోందనుకుని దేవదాసు దగ్గరికి వచ్చాడు. ఆమె నవ్వుతోంది.

"మీరే సూడుండ్రి సార్."

గౌరయ్య వంగాడు. ఎర్ర కణాలు గుండ్రంగా, నడుమ ఖాళీగా ఉండాలి. ఇవి కోలగా ఉన్నాయి. ఒక్కొక్కదాని నడుమ నల్లటి గింజ ఉంది. సీతాఫలం పండు విప్పినట్టు, ఎటు చూసినా గింజలే.

"ఇది మనిషిది కాదు," అన్నాడు తల ఎత్తకుండానే.

"కోడిది సార్," అంది జమునా. "వానకాలంల సూసిన. కోడి నెత్తురుల ఎర్ర కణానికి గూడ గింజ ఉంటది. మందు పోస్తే కణం కరిగింది గని గింజలు మిగిలినయ్. గా గింజలన్ని తెల్ల కణాలనుకొని లెక్కపెట్టిన. గందుకే రెండు లక్షలు. గొట్టంల జావ అయింది గూడ గందుకే."

"కోడిదా?" అన్నాడు దేవదాసు. "నా ఒంట్లకెల్లి తీసిన నెత్తురు కోడిదెట్లయింది?"

పక్కనున్న పెరట్లోంచి కూర వాసన వచ్చింది. అప్పుడు అందరి తలలూ ఒకేసారి గుమ్మంలో నిలబడ్డ ముత్తయ్య వైపు తిరిగాయి.

"పొద్దుటి సంది చెప్తనే ఉన్న గద సారూ," అని ముత్తయ్య నేల మీద కూర్చున్నాడు. "ఒక్కరన్న ఇన్నరా?"

పిట్టగోడ, రెక్క, పగిలిన సీసా, అన్నీ చెప్పాడు. దేవదాసుకు కోపం రావాల్సింది. కానీ అరగంట కింద ఆయన తన సమాధికి జాగా కూడా ఎంచుకుని ఉన్నాడు. కోపానికి బదులు నవ్వొచ్చింది. మొదట మెల్లగా, తర్వాత కుర్చీ పట్టుకుని నవ్వాడు. "మెమో లేదు పో ముత్తయ్యా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

గౌరయ్య నవ్వలేదు. మిగతా ఐదు కాగితాలు మళ్ళీ తీశాడు.

"పదమూడు, ఎనిమిది వేలు. పదమూడు పాయింట్ ఒకటి, ఏడువేల తొమ్మిదొందలు. స్లైడు నార్మల్. నార్మల్. నార్మల్." సైదులు వైపు చూశాడు. "ఏం బాబూ, కోడి నెత్తురుల పదమూడు ఎట్ల దొరికింది నీకు? గీ గింజలు కనపడలేదా?"

"లేదు సార్. మైక్రోస్కోపుల అంత చీకటున్నది."

"లైటు ఏసినవా?"

సైదులు శౌరయ్య వైపు చూశాడు. శౌరయ్య నేల వైపు చూశాడు. "మాదేముందండి," అన్నాడు చివరికి. "గోపయ్యగారు చెప్పిన లెక్కే మాకొచ్చిందండి."

గౌరయ్య బల్ల మీది కవరు తిప్పి చూశాడు. చూసి, గోపయ్య చేతికి ఇచ్చాడు. "తారీఖు చదువు."

గోపయ్య చదవలేదు. దేవదాసు తీసుకుని చదివాడు. రక్తం తీసింది ఆ రోజు పొద్దున. కవరు మీద తారీఖు నిన్నటిది.

నవ్వు ఆగిపోయింది. అప్పుడు కిటికీ ఊచల్లోంచి పెంటమ్మ తల లోపలికి పెట్టింది.

"సారూ, నువ్వు బతికినవ్, సంతోషం. మరి నా చిట్టీ? మూడుసార్లొచ్చిన. మూడుసార్లు పదిన్నరనే అంటున్నరు. గా పదిన్నరతోని నాకు నిలవడనీకి అయితలేదు."

ఆయనకు గంటసేపు పట్టిన భయం పెంటమ్మకు మూడు నెలలుగా ఉంది. ఆమె కోసం ఏ టీ కొట్టూ షట్టరు దించలేదు.

"జమునా," అన్నాడు దేవదాసు. "పెంటమ్మది నువ్వు చూడు. ఆమె అయినంక, ఈ నెల రోజులల్ల పదిన్నర రాసినోళ్ళనందరినీ పిలిపిస్తా. ఒక్కొక్కరిది చూడు. లైను బస్టాండు దాకా పోతే పోనీ."

పెంటమ్మది ఆరు వచ్చింది. కొత్త మందు చిట్టీతో ఆమె అన్నమ్మ ఇంట్లోనే కూర్చుని పెరుగన్నం తిని పోయింది.

గోపయ్య గౌరయ్యను పక్కకు పిలిచి ఏదో గొణిగాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు అన్న మాట మూడుసార్లు వినిపించింది. "మంచిది," అన్నాడు గౌరయ్య గట్టిగా. "జమునా పాస్. వచ్చే నెల ఈ ఐదుగురికి మళ్ళీ పరీక్ష. ఆరో కుర్చీ నీకు. వచ్చేటప్పుడు కోడిని తేకు."

అంతలో బయట జీపు ఆగింది. కోదాడ స్టాఫు తలలు వంచుకుని, పూలదండ ముందు పెట్టుకుని లోపలికి వచ్చారు. వరండాలో నిలబడి పళ్ళు కుట్టుకుంటున్న డాక్టరును చూసి దండ కింద పడేయబోయారు. దేవదాసే దాన్ని అందుకుని వాసన చూశాడు. తీసుకుపోయి జమునా మెడలో వేశాడు.

"సార్, ఇది సచ్చినోళ్ళకు తెచ్చినట్టున్నది," అంది జమునా.

"పాసైనోళ్ళకు గూడ పనికొస్తది. ఉంచుకో."

సాయంత్రం బస్సులో అదే కండక్టరు. ఆమె మెడలో దండ, చంకలో రికార్డు బుక్కు, దాని మడతలో పాసు కాగితం. చేతులు ఖాళీ.

"పుంజేదమ్మా?"

"పరీక్ష రాసింది," అంది జమునా, కిటికీ పక్క సీట్లో కూర్చుంటూ.

అక్కడ సూర్యాపేటలో గౌరయ్య కొత్త సర్క్యులరుతో వచ్చిన ఫారం నింపుతున్నాడు. ఆఖరి గడిలో "రక్తం ఇచ్చినవారి ప్రస్తుత ఆరోగ్య పరిస్థితి" అని ఉంది. ఏ గడీ ఖాళీగా వదలకూడదని రూలు. కాసేపు ఆలోచించి, నిజమే రాశాడు: "మధ్యాహ్నం రెండు గంటలకు వడ్డించారు."